అందరి ఊపిరీ ఇరవై

నర్సింగ్ చదువులో ఏది కష్టమని ఎవరైనా అడిగితే, వాళ్ళు వినాలనుకునే జవాబు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కాళ్ళు పీక్కుపోయేదాకా నిలబడటం, చీము, నెత్తురు, బెడ్‌పాన్లు, అర్థంకాని ఇంగ్లీషు పుస్తకాలు. అన్నీ నిజమే. కానీ నన్ను మూడేళ్ళు నిజంగా ఏడిపించింది హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకున్న అమ్మాయి. దాన్ని చూస్తే నాకు కడుపు మండేది. ఇప్పుడు ఈ మాట చెప్పడానికి సిగ్గు లేదు. అప్పుడు మాత్రం ఎవరడిగినా అది నా ప్రాణ స్నేహితురాలని చెప్పేదాన్ని.

మాది సాంచాల ఊరు. మా వైపు మరమగ్గాన్ని సాంచా అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. బాపు సాంచాల మీద పనిచేసేవాడు, అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేసేది. మా వాడలో దాదాపు ప్రతి ఇంట్లోనూ అంతే. దూది పొట్టు మగవాళ్ళ ఛాతీల్లోకి, తంబాకు పొడి ఆడవాళ్ళ ఛాతీల్లోకి పోయేది. దగ్గు కూడా సాంచా చప్పుడులాగే ఎప్పుడూ ఉండేది కాబట్టి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇంటర్ దాకా నేను అవ్వ పక్కన కూర్చుని ఆకు కత్తిరించాను, బీడీలకు దారం చుట్టాను. నా వేళ్ళు చూసి వాడకట్టంతా మురిసిపోయేది. ఈ పొల్ల నర్సు అయితే సూది గుచ్చినట్టు కూడా తెలియదని అనేవాళ్ళు. నేనూ నమ్మాను, పిచ్చిదాన్ని.

ఆ పక్క మంచం పిల్ల శ్రీరాంపూర్ నుంచి వచ్చింది. వాళ్ళ బాపుది బొగ్గుబాయి పని, గని లోపల. కంపెనీ క్వార్టర్, వాకిట్లో జామచెట్టు, వేళకొచ్చే నల్లా నీళ్ళు, ఇంగ్లీషు మీడియం బడి, జ్వరమొస్తే కంపెనీ ఆసుపత్రి. కరీంనగర్ హాస్టల్లో దిగిన మొదటి రోజు వాళ్ళ బాపు దాని పరుపు తానే భుజాన మోసుకొచ్చి, మంచం మీద పరిచి, ఊగుతుందేమోనని అరచేత్తో నొక్కి చూశాడు. నా పెట్టె నేనే మోసుకొచ్చుకున్నాను. మా బాపు ఆ రోజు పని మానితే సాంచా ఇంకొకరికి పోతుంది. నేను గోడ పక్కన నిలబడి చూస్తుంటే దాని బాపు నా వైపు తిరిగాడు.

"నీ మంచం గూడ జూస్త ఆగు బిడ్డా. గిది జర ఊగుతున్నట్టుంది," అని ఒక అట్టముక్క మడిచి నా మంచం కాలికింద పెట్టాడు.

మంచివాడు పాపం. ఆ నాలుగు మాటలకే దగ్గొచ్చి గోడ పట్టుకున్నాడు. నాకు కృతజ్ఞత రావాల్సింది పోయి ఒళ్ళు మండింది. మూడేళ్ళూ ఆ అట్టముక్క మీదే పడుకున్నాను, ఒక్కసారి కూడా తీసెయ్యలేదు.

మొదటి ఏడాది ఎలా గడిచిందో ఆ దేవుడికే తెలియాలి. తెలుగు మీడియంలో చదివొచ్చిన నాకు అనాటమీ పుస్తకం తెరిస్తే కళ్ళు తిరిగేవి. చేతిలో ఉన్న ఎముకలకు కూడా నోరు తిరగని పేర్లు. అది ఒకసారి చదివి పుస్తకం మూసేసేది, తర్వాత నా మంచం మీదికొచ్చి అన్నీ మన మాటల్లో చెప్పేది. అది చెప్తే బాగా అర్థమయ్యేది, అదే నా బాధ. పరీక్షలో నేను అనాటమీ తప్పాను. దానికి క్లాసులో అందరికంటే ఎక్కువ వచ్చాయి. ఆ రోజు అది నా పక్కన కూర్చుని, "మళ్ళ రాస్తవ్, ఫికర్ జెయ్యకు. నేను సదివిపిస్త," అంది. దాని చెయ్యి విదిలించి బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను.

సూదుల సంగతి మరీ ఘోరం. మొదట బత్తాయి కాయల మీద నేర్పారు. బత్తాయి మీద నన్ను మించినవాళ్ళు లేరు. బీడీ వేళ్ళు కదా. మాకు పాఠాలు చెప్పే మేడమ్ కూడా మెచ్చుకున్నారు. తర్వాత వార్డుకు తీసుకెళ్ళి ఒక పెద్దాయన ముందు నిలబెట్టారు. బత్తాయి నన్ను చూడదు, ఆయన చూస్తున్నాడు. నా చెయ్యి ఎంత వణికిందంటే మందు సగం ఆయన చొక్కా మీద పడింది. పక్క మంచం దగ్గర అది అప్పటికే సూది తీసేసి దూది అద్దుతోంది. ఆ పేషెంటు, "అయిపాయెనా బిడ్డా?" అని అడుగుతున్నాడు. నా పెద్దాయన నా మొహం చూడకుండా మేడమ్‌తో అన్నాడు, "అమ్మా, గా పొల్లను పిలువున్రి."

గా పొల్ల. మూడేళ్ళు వార్డుల్లో నా చెవిన పడ్డ మాట అదే. నరం దొరకని చేతులుంటే గా పొల్ల. ముసలాయన అన్నం తిననని మొండికేస్తే గా పొల్ల.

తక్కిన కష్టాలు అందరివీ. వార్డులో కూర్చోకూడదు. కూర్చుంటే ఎవరో ఒకరు మేడమ్‌కు చెప్తారు. తెల్ల యూనిఫాం మీద మరక ఉండకూడదు, పని మాత్రం అంతా మరకల్లోనే. పక్షవాతం వచ్చిన మనిషికి ఒళ్ళు తుడవడానికి మొదటిసారి పోయినప్పుడు నేను కళ్ళు మూసుకుని తుడిచాను. మధ్యాహ్నం దాకా డ్యూటీ, తర్వాత క్లాసు, ఆ తర్వాత రికార్డులు రాయడం. రాసి రాసి వేలి మీద కాయ కాసింది. డాక్టర్ కసిరితే స్టాఫ్ సిస్టర్ మమ్మల్ని కసిరేది, పేషెంటు చుట్టాలు అందరి బదులూ మమ్మల్నే కసిరేవాళ్ళు. మా బ్యాచ్‌లో ఏడవని పిల్ల లేదు. అది కూడా ఏడ్చేది. కానీ ఏడవడం కూడా దానికే బాగా వచ్చు. ఐదు నిమిషాలు వెక్కి వెక్కి ఏడ్చి, మొహం కడుక్కుని, మామిడికాయ తొక్కు వేసుకుని కడుపునిండా తినేది. నేను మూడు రోజులు మొహం మాడ్చుకుని ఉపవాసం ఉండేదాన్ని.

రెండో ఏడాదిలో మేడమ్ మమ్మల్ని జోడీలుగా విడగొట్టారు. బాగా చదివేదానికి వెనకబడినదాన్ని కట్టారు. ఇంకేముంది, నన్ను దానికే కట్టారు. మా ఇద్దరికీ మెడికల్ వార్డులో ఆరు మంచాలు ఇచ్చారు. ఉదయం డ్యూటీ ఒకరిది, మధ్యాహ్నం రెండు నుంచి ఇంకొకరిది. ఒకరు దిగేటప్పుడు ఇంకొకరికి చార్టులు అప్పగించాలి.

ఆ చార్టుల గురించే చెప్పాలి. ప్రతి మంచానికీ ఒక కాగితం ఉంటుంది. అందులో జ్వరం, నాడి, ఊపిరి రాయాలి. జ్వరానికి థర్మామీటర్ ఉంది, నాడికి వేళ్ళు చాలు. ఊపిరి లెక్కపెట్టడమే యాతన. లెక్కపెడుతున్నానని పేషెంటుకు చెప్పకూడదు. చెప్తే మనిషి ఊపిరి బిగబడతాడు, లేకపోతే వేగంగా తీస్తాడు. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్ళు మాత్రం ఛాతీ మీద పెట్టి, ఒక నిమిషమంతా లెక్కపెట్టాలి. నిమిషం అంటే చిన్నదనుకుంటారు. వెనక నలుగురు పిలుస్తుంటే, సెలైన్ అయిపోతుంటే, ఆ నిమిషం గడవదు. కాబట్టి మా బ్యాచ్ మొత్తం ఒక పని చేసేది. అందరికీ ఇరవై అని రాసేసేవాళ్ళం. మా పైవాళ్ళు మాకు నేర్పారు, వాళ్ళకు వాళ్ళ పైవాళ్ళు. ఇరవై అంటే ఎవరూ ఏమీ అడగరు. దగ్గులో పుట్టి పెరిగిన నాకైతే అందరి ఊపిరీ బాగున్నట్టే కనిపించేది.

అది ఒక్కతే లెక్కపెట్టేది. ప్రతి మంచం దగ్గరా నిమిషం నిలబడేది. దాని చార్టుల్లో పద్దెనిమిది, ఇరవై రెండు, పదహారు, ఇరవై ఆరు, ఇలా రకరకాల అంకెలు ఉండేవి. వాటి పక్కన నా ఇరవైలు వరసగా నిలబడి నన్ను పట్టించేవి. మేడమ్ ఒకరోజు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "నీ డ్యూటీ మొదలవగానే వార్డులో అందరికీ ఊపిరి ఒకేలా ఆడుతుందా?" అని అందరి ముందు అడిగారు. అందరూ పక్కున నవ్వారు. అది నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"నీకెందుకే అంత చాదస్తం? ఎవరు చూడొచ్చిండ్రు?" అని ఆ రోజు రూంలో దాని మీద ఒంటికాలి మీద లేచాను.

"మా బాపు దమ్ము జూసి జూసి అలవాటైంది," అంది బట్టలు మడతపెడుతూ. "చిన్నప్పుడు బాపు పండుకుంటె పక్కన కూసోని లెక్కవెట్టేదాన్ని. ముప్పై దాటితే అమ్మను లేపాలె. గంతే."

దాని పక్కన కూర్చుని నేనూ ఒక చున్నీ మడతపెట్టబోయాను. అంతలోనే ఇంకో మంట మొదలైంది. దీనికి కష్టం కూడా నాకంటే మంచిదే దొరికింది చూడు, అనుకున్నాను. మనిషి మనసు అంత నీచంగా ఉంటుంది మరి, నాదైతే ఉంది.

ఆ రోజు నుంచి నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పేషెంట్ల మీద దయతో మాత్రం కాదు, దాని తప్పు పట్టుకోవడానికి. అది రాసి దిగిపోయిన ప్రతి అంకెనూ నేను డ్యూటీ ఎక్కగానే మళ్ళీ లెక్కపెట్టి చూసేదాన్ని. ఒకటి అటూ ఇటూ తప్ప ఏనాడూ తేడా రాలేదు. ఆరు నెలలకు మా బ్యాచ్‌లో దాని తర్వాత ఊపిరి సరిగ్గా లెక్కపెట్టేది నేనే అయ్యాను. కుళ్ళుతో కూడా మనిషి పని నేర్చుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మూడో ఏడాది వచ్చింది. మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరిన పిల్లలు దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే రోజున, చివరి ఏడాదివాళ్ళలో వార్డు పనిలో అందరికంటే మేలైన ఒక్క అమ్మాయి వేదిక మీద పెద్ద ఇత్తడి దీపం పట్టుకుని నిలబడుతుంది. పిల్లలంతా వరసగా వచ్చి ఆ దీపం నుంచే తమ దీపాలు వెలిగించుకోవాలి. ఆ అమ్మాయి తల్లిదండ్రులను పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు. మూడేళ్ళలో మా అవ్వ ఒక్కసారి కూడా కాలేజీకి రాలేదు. ఫోన్‌లో రమ్మంటే, "నేనేం జేస్త బిడ్డా అక్కడ, తంబాకు వాసన నేను," అనేది. దీపం సంగతి చెప్పాను. "నీకిస్తరా?" అంది. "ఇస్తే వస్తవా?" అన్నాను. "ఇస్తే రానా మరి! కొత్త చీర గట్టుకోని వస్త," అంది. ఆ మాట పట్టుకుని నేను ఆ ఏడాదంతా బతికాను. దీపం దానికే వస్తుందని మాత్రం కాలేజీ వాచ్‌మన్‌కు కూడా తెలుసు.

ఎండలు ముదిరిన రోజులు. మంథని వైపు నుంచి ఒక ముసలమ్మ జ్వరంతో మా ఆరు మంచాల్లో మూడో దాని మీద చేరింది. పక్కన కోడలు. ముసలమ్మ మాటకారి, నేను డ్యూటీకి పోగానే గా పొల్ల ఎప్పుడొస్తదని అడిగేది. ఆ రోజు రెండు గంటలకు నేను వార్డులోకి అడుగుపెట్టేసరికి అది అప్పటికే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"బాపును దవఖానల షరీక్ జేసిండ్రట. పన్నెండు గాకముందె ఫోనొచ్చింది, నువ్వచ్చేదాక ఆగిన," అని చార్టులు నా చేతిలో పెట్టింది. "మేడమ్‌ను అడిగిన, పొమ్మన్నది. పోత."

తండ్రి ఆసుపత్రిలో చేరాడంటే బస్టాండుకు ఆటో ఎక్కేదాకా తోడు వెళ్ళాలి కదా. నేను వెళ్ళలేదు. చార్టులు చూశాను.

పన్నెండు గంటల గడిలో ఊపిరి అంకెలు ఆరు మంచాలకూ ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై, ఇరవై.

అది రాసింది. మూడేళ్ళలో మొదటిసారి. నేను భయపడ్డాననుకునేరు. పండగొచ్చినట్టయింది. గబగబా ఒకటో మంచం లెక్కపెట్టాను, పంతొమ్మిది. రెండు, ఇరవై. మూడో మంచం దగ్గర ముసలమ్మ మాట్లాడటం లేదు. కళ్ళు మూసుకుని ఉంది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మణికట్టు పట్టుకున్నాను, కాలిపోతోంది. గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

ముప్పై ఎనిమిది అంటే ఏం చెయ్యాలో మొదటి ఏడాది పిల్లకు కూడా తెలుసు. ఎదురుగా బల్ల దగ్గర స్టాఫ్ సిస్టర్ ఉంది. పక్క గదిలో డ్యూటీ డాక్టర్ ఉన్నాడు, అద్దంలోంచి ఆయన మోచెయ్యి కనిపిస్తోంది. పది అడుగులు. నేను చార్టు చేత్తో పట్టుకుని ఆ బల్ల పక్కనుంచి, ఆ గది పక్కనుంచి నడిచి, మెట్లు దిగి, ఆవరణ దాటి, ఇంకో బిల్డింగులో ఉన్న మా మేడమ్ గదికి పోయాను. కాగితం మీది అక్షరాలు ఎవరివో ముందు ఆమెకే చూపించాలనిపించింది. మేడమ్ క్లాసులో ఉన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. కూర్చుని ఎదురుచూశాను. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఏం చెప్పాలో మనసులో మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను.

మేడమ్ బయటికొచ్చి చార్టు చూసి, "డాక్టర్ ఏమన్నారు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆమె పరుగు అందుకున్నారు. డాక్టర్ వచ్చాడు, ఆక్సిజన్ పెట్టారు, ముసలమ్మను ఐసీయూకు మార్చారు. ట్రాలీ వెంట నడుస్తూ డాక్టర్ స్టాఫ్ సిస్టర్‌తో, ఇంకాస్త ముందు చెప్తే బాగుండేది కదా అన్నాడు. సిస్టర్ నన్ను చూసింది. నేను నేల చూశాను.

ముసలమ్మ బతికింది. వారం తర్వాత నడిచి ఇంటికి పోయింది. ఆమె బతక్కపోతే నేను ఈ ఉద్యోగంలో ఉండేదాన్ని కాదేమో. ఉండేదాన్నేమో కూడా, ఏమో, నాకు నా మీద అంత నమ్మకం లేదు.

అది నాలుగు రోజులకు తిరిగొచ్చింది. వాళ్ళ బాపు కోలుకున్నాడు, బాయి పని మాత్రం ఇక చేయొద్దన్నారట. మేడమ్ దాన్ని పిలిచి చార్టు ముందు పెట్టారు. నేనూ అక్కడే ఉన్నాను. ఏదో ఒకటి చెప్తుందని, అప్పుడు ఇరవయ్యే ఉందని అబద్ధమాడుతుందని ఆశపడ్డాను. అబద్ధమాడితే అదీ నాలాంటిదే అవుతుంది.

"లెక్కపెట్టలేదు మేడమ్," అంది. "ఫోనొచ్చినంక ఏం రాసిన్నో నాకే తెల్వదు. తప్పు నాదే."

అంతకుమించి సాకు చెప్పలేదు. ఇంటి సంగతి తెలిసిన మేడమ్ కూడా ఎక్కువ తిట్టలేకపోయారు. ఆ నెల చివర నోటీసు బోర్డు మీద దీపం పట్టుకునే అమ్మాయి పేరు పెట్టారు. నా పేరు. పక్కన కారణం కూడా రాశారు, సకాలంలో గుర్తించి పేషెంటు ప్రాణం కాపాడినందుకని. సకాలంలో అనే మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో మేడమ్‌కు తెలియదు, డాక్టర్ కనపడక అప్పుడే పరుగెత్తుకొచ్చాననుకున్నారు.

అది బోర్డు చూసి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "అవ్వకు ఫోన్ జేసినవా?" అని అడిగింది. చేశానన్నాను. తర్వాత తన మంచం మీద కూర్చుని, యూనిఫాం ఇస్త్రీ మడతలు వేళ్ళతో సరిచేస్తూ అడిగింది.

"ఒకటి అడుగుత, ఏమనుకోవు కదా? ముప్పై ఎనిమిదని మొదలు ఎవలికి జెప్పినవే? డాక్టర్‌కా, మేడమ్‌కా?"

"డాక్టర్‌కే," అన్నాను.

"మంచిది," అంది. యూనిఫాం మడిచి పక్కన పెట్టి, "ముసలమ్మ కోడలు కలిసింది మొన్న. గా బిడ్డ కాయిదం వట్టుకోని ఉరికింది గని, డాక్టర్ సారు మస్తుసేపటికి వచ్చిండన్నది. ఆమెకు పరేషాన్ల తెల్వలేదేమో," అని లేచి స్నానానికి పోయింది.

అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మేడమ్‌కు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. దాని నోరు మూతపడి ఉన్నన్నాళ్ళూ దీపం నాది. దాని మంచితనం మీద ఆధారపడాల్సి వచ్చిందని నాకు ఇంకా మండింది.

దీపం రోజున అవ్వ వచ్చింది. ఆకుపచ్చ చీర, చేతిలో సర్వపిండి డబ్బా. కాలేజీ హాలు మూడో అంతస్తులో ఉంది. అవ్వ ప్రతి మలుపు దగ్గరా ఆగి కమ్మీ పట్టుకుని నిలబడుతోంది.

"మోకాళ్ళు బిడ్డా," అంది.

"జల్ది రా అవ్వా, టైమైతంది," అన్నాను. నేను రెండు మెట్లు పైనే నడిచాను. ఆమె నా వెనక, నోరు తెరుచుకుని, చెంగుతో మొహం తుడుచుకుంటూ ఎక్కింది.

ముందు వరసలో కూర్చోబెట్టారు. లైట్లు తీసేశారు. తెల్ల బట్టల్లో పిల్లలు వరసగా వచ్చి నా దీపం నుంచి వాళ్ళ దీపాలు వెలిగించుకున్నారు. నా చేతులు వణకలేదు. చీకట్లో అవ్వ మొహం నాకు కనిపించలేదు, దగ్గు మాత్రం వినిపిస్తూనే ఉంది. నా పక్క మంచం దాన్ని వెతికాను. అది గోడ పక్కన చివరి ఏడాదివాళ్ళ వరసలో నిలబడి అందరికంటే గట్టిగా ప్రమాణం చెప్తోంది.

కార్యక్రమం అయిపోయాక మేడమ్‌లు నన్ను ఫొటోల కోసం ఆపారు. ఇత్తడి దీపం చేతిలో పట్టుకుని నవ్వుతూనే ఒక కన్ను అవ్వ మీద వేశాను. అవ్వ అందరినీ ఒకటే అడుగుతోంది. "గా పొల్ల ఏది? మా బిడ్డ ఫోన్‌ల రోజు జెప్పే పొల్ల, శ్రీరాంపూర్ పొల్ల?" మూడేళ్ళు నేను దాని మీద ఏడ్చిన ఏడుపంతా అవ్వ స్నేహమనుకుంది. సర్వపిండి డబ్బా తెచ్చింది దానికట. నాకోసం కాదు.

నేను పోయేసరికి ఇద్దరూ కుర్చీల్లో దగ్గరగా కూర్చుని ఉన్నారు. అది సర్వపిండి ముక్క నములుతూ, "మస్తుంది అవ్వా," అంటోంది. అవ్వ చెయ్యి దాని ఒళ్ళో ఉంది. మణికట్టు దగ్గర దాని వేళ్ళు ఉన్నాయి. అవ్వ మాట్లాడుతూనే ఉంది, బీడీల సంగతి, సాంచాల సంగతి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ మాట్లాడుతోంది. నా కడుపు ఇంకోసారి భగ్గుమంది. దీపం నాకిచ్చి మా అవ్వను అది తీసుకుందే అనుకున్నాను.

అప్పుడు చూశాను. దాని నోరు నవ్వుతోంది, కళ్ళు మాత్రం అవ్వ ఛాతీ మీద ఉన్నాయి.

అవ్వ నీళ్ళు తాగడానికి లేచింది. అది నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"ముప్పై రెండు. రెండుసార్లు లెక్కవెట్టిన. మెట్లెక్కి గంట దాటింది, కూసోనే ఉన్నది. గది మోకాళ్ళ నొప్పి కాదే." నా చేతిలోంచి దీపం తీసుకుని బల్ల మీద పెట్టింది. "మేడమ్‌కు చెప్పలే. మొదలు నీకే జెప్తున్న. రేపు చెస్టు ఓపీకి తీస్కపోదాం పా."

నేను ఆ ముప్పై రెండు విన్నాను. ఆరు మంచాల మీద పడుకున్న ఊరూపేరూ తెలియని మనుషులందరి ఊపిరీ దాని మీది కసితో రెండేసి సార్లు లెక్కపెట్టాను. నన్ను కన్న మనిషి పక్కన పద్దెనిమిదేళ్ళు పడుకున్నాను, ఒక్కసారి లెక్కపెట్టలేదు. గంట కిందటే మెట్ల మీద జల్ది రమ్మన్నాను.

మరునాడు ముగ్గురం ఓపీ వరసలో నిలబడ్డాం. అవ్వ ఛాతీ ఫొటోలో ఏముందో డాక్టర్ చెప్పాడు. తంబాకు పొడి ఏళ్ళ తరబడి చేసిన పని. చాట మానేసి మందులు వాడితే బతుకుతుందన్నాడు. అవ్వ ఇప్పుడు బతికే ఉంది, నా దగ్గరే ఉంటుంది, చాట ముట్టుకోదు. రోజూ పొద్దున టీ ఇచ్చేటప్పుడు మణికట్టు పట్టుకుని కూర్చుంటాను. నాడి చూస్తున్నానని అనుకుంటుంది. ఇరవై నాలుగు, ఇరవై ఆరు ఉంటుంది.

అప్పుడప్పుడు టీ చల్లారేదాకా అలాగే కూర్చుని, "గా పొల్ల ఎట్లున్నదే?" అని అడుగుతుంది.

బాగుందని చెప్తాను. అది ఆదిలాబాద్‌లో స్టాఫ్ నర్సు, ఇద్దరం వారానికోసారి మాట్లాడుకుంటాం. దాని మీద నాకు ఇప్పటికీ కుళ్ళే. సూదులు బాగా వేస్తుందని కాదు, ఇంగ్లీషు వచ్చనీ కాదు. మా అవ్వ ఊపిరి నాకంటే ముందు అది లెక్కపెట్టింది.